బరంపురంలో ఇల్లు అమ్మకం: ప్రకటన ఎలా రాస్తే కొనేవాళ్ల కంట పడుతుంది?

అంబపువా ఇల్లు:

అందరికీ నమస్కారం. బరంపురం అంబపువాలో మా నాన్నగారి ఇల్లు అమ్మకానికి పెట్టాం. నైంటీనైన్ ఏకర్స్‌లోనూ, ఫేస్‌బుక్ మార్కెట్‌ప్లేస్‌లోనూ, ఊళ్లో వాట్సాప్ గ్రూపుల్లోనూ ఇదే పెట్టాం:

"బ్యూటిఫుల్ ఇండిపెండెంట్ హౌస్ ఫర్ సేల్ ఇన్ బెర్హంపూర్. ప్రైమ్ లొకేషన్. పక్కా వాస్తు. 24 గంటల నీరు. స్కూళ్లు, హాస్పిటళ్లు, మార్కెట్ అన్నీ దగ్గర. క్లియర్ టైటిల్. విశాలమైన గదులు. సీరియస్ బయ్యర్స్ ఓన్లీ. ధర ఫోన్లో."

వచ్చే ఫోన్లు చాలావరకు బ్రోకర్లవి. పశ్చిమ బెంగాల్ నుంచి కూడా అడుగుతున్నారు, ఎందుకో తెలియడం లేదు. ఇచ్ఛాపురం, సోంపేట వైపు వాళ్లు ఇక్కడ కొంటున్నారని అందరూ అంటారు గాని అటునుంచి ఒక్క ఫోనూ లేదు.

ఇంటి సంగతులు: పట్టాలో స్థలం ఎ0.050 అని ఉంది. కొలిస్తే 33 అడుగుల వెడల్పు, 66 అడుగుల పొడవు. 2009లో కట్టిన డాబా. కింద రెండు బెడ్రూములు, హాలు, వంటిల్లు, పూజగది, రెండు బాత్రూములు. పైన ఒక గది, బాత్రూము. బోరు ఉంది, మునిసిపల్ కుళాయి ఉంది. ముందు రోడ్డు 20 అడుగులు. అనుకున్న ధర 75.5 లక్షలు. ఇందులో ఏవి రాయాలి, ఏవి వదిలేయాలి? ఏ భాషలో రాయాలి?

కొలత టేపు:

ముందు బెంగాల్ ఫోన్ల సంగతి. ముర్షిదాబాద్ జిల్లా కేంద్రం పేరు కూడా ఇంగ్లీషు అక్షరాల్లో దాదాపు మన ఊరి పేరే. చివర 'పూర్', 'పోర్' అన్నదొక్కటే తేడా. సెర్చ్ పెట్టెకి ఆ తేడా పట్టదు. మన ఊరికి అధికారిక పేరు బ్రహ్మపూర్. పాత అలవాటున్నవాళ్లు బెర్హంపూర్ అని కొడతారు, శ్రీకాకుళం వైపు వాళ్లు బరంపురం అంటారు. ఈ మూడు పేర్లూ, పక్కనే 'గంజాం జిల్లా, ఒడిశా', మీ పిన్ కోడు రాయండి. మన పిన్ 760తో మొదలవుతుంది, వాళ్లది 742తో. బెంగాల్ ఫోన్లు అక్కడితో తగ్గుతాయి.

మీ ప్రకటనలో ఉన్న మాటల్లో ఎవరైనా సెర్చ్‌లో కొట్టేవి ఎన్ని? 'బ్యూటిఫుల్' అని వెతికి ఇల్లు కొనేవాళ్లు లేరు. 'ప్రైమ్ లొకేషన్' అని ఊళ్లో ప్రతి ప్రకటనలోనూ ఉంటుంది. వెతికేవాళ్లు కొట్టేది పేట పేరు, ఎన్ని బెడ్రూములు, ఎంత స్థలం, ఎంత ధర, ఏ ముఖం, ఇండిపెండెంటా ఫ్లాటా. వీటిలో బెర్హంపూర్, ఇండిపెండెంట్ తప్ప మీరు ఒక్కటీ ఇవ్వలేదు. అంబపువా అన్న పేరే లేదు!

ఇంకో సంగతి. అమ్మకం సైట్లలో కొనేవాడు వర్ణన చదవడు, ముందు ఫిల్టర్ పెడతాడు. బెడ్రూములు, ధర, విస్తీర్ణం, పేట అనే గడుల్లో మీరు నింపినదాన్ని బట్టే మీ ఇల్లు లిస్టులో ఉండడమో ఊడిపోవడమో జరుగుతుంది. వర్ణనలో ఎంత బాగా రాసినా, గడి ఖాళీగా ఉంటే ఆ ఇల్లు లేనట్టే. అందుకని ముందు గడులన్నీ నింపండి, ఆ తర్వాతే వాక్యాలు. 'ధర ఫోన్లో' అంటే ధర గడి ఖాళీ అన్నమాట, అంటే బడ్జెట్ పెట్టి వెతికే ప్రతివాడికీ మీ ఇల్లు కనబడదు. ఇక 75.5 లక్షల మాట. కొనేవాళ్లు '75 లక్షల లోపు' అని పెడతారు. ఆ అర లక్ష కోసం ఆ గుంపు మొత్తం పోతుంది. 75 పెట్టండి, లేదా 74 పెట్టి గట్టిగా నిలబడండి. బేరం ఉంటే 'కొద్దిగా బేరం ఉంది' అని తెలుగులోనే రాయొచ్చు. గడిలో ఒక్క రూపాయి అని పెట్టే తెలివి మాత్రం వద్దు, చవక ఇళ్లు వెతికేవాళ్ల ముందు తేలి, అసలు కొనేవాళ్లకి దొరకదు.

స్థలం కొలత దగ్గర ఇక్కడ పెద్ద తిరకాసు ఉంది. ఒడిశాలో గుంఠ అంటే ఎకరంలో 25వ వంతు, 4 డెసిమల్స్, 1742.4 చదరపు అడుగులు. తెలంగాణ, మహారాష్ట్ర లెక్కలో గుంట ఎకరంలో 40వ వంతు, 1089 చదరపు అడుగులే. మీ స్థలం 5 డెసిమల్స్, అంటే ఇక్కడి లెక్కన ఒకటింబావు గుంఠ, హైదరాబాద్‌లో ఉన్నవాడి లెక్కన రెండు గుంటలు. సైటులో యూనిట్ గుంట అని ఎంచుకుని 1.25 కొట్టారనుకోండి, అది 40 లెక్కన మార్చిందంటే మీ స్థలం 1361 చదరపు అడుగులై కూర్చుంటుంది. 800 చదరపు అడుగులకు పైగా గల్లంతు. కాబట్టి గడిలో ఎప్పుడూ చదరపు అడుగులే: 2178. వర్ణనలో మాత్రం అందరి లెక్కా ఇవ్వండి: '5 డెసిమల్స్ (5 సెంట్లు), 242 గజాలు, 2178 చదరపు అడుగులు'. డెసిమల్, సెంటు ఒకటే, 435.6 చదరపు అడుగులు. ఆంధ్ర వైపు వాడు సెంట్లలోనో గజాల్లోనో వెతుకుతాడు, డెసిమల్ అన్న మాట వాడికి తట్టదు. అటునుంచి ఫోన్లు రాకపోవడానికి ఇదొక కారణం.

గదుల కొలతలు తప్పకుండా ఇవ్వండి. ప్లాస్టర్ నుంచి ప్లాస్టర్ దాకా, లోపలి కొలత. గోడలు ఎప్పుడూ నూలు పట్టినట్టు ఉండవు కనుక గదికి రెండు చివర్లా టేపు పెట్టి తక్కువ వచ్చినదే రాయండి. 10 అడుగుల 6 అంగుళాలను 10.6 అని రాస్తారు చాలామంది. అది తప్పు, పదిన్నర అడుగులంటే 10.5. అడుగులు, అంగుళాలు విడిగా రాసేస్తే గొడవ ఉండదు. మంచం, బీరువా పడతాయా లేదా అన్నది కొనేవాళ్లు మీ కొలతలు చూసి తమ ఇంట్లోనే లెక్క వేసుకుంటారు, 'విశాలమైన గదులు' అన్నది వాళ్లకి పనికిరాదు.

ముఖం విషయం. 'తూర్పు ఫేసింగ్' అని రాస్తే కొందరికి రోడ్డు తూర్పున ఉందని, కొందరికి సింహద్వారం తూర్పు చూస్తుందని. రెండూ ఒకటే అయితే సరే. కాకపోతే 'రోడ్డు ఉత్తరాన, సింహద్వారం తూర్పుకి' అని విడదీసి రాయండి. ఫోన్లో దిక్సూచి చూసేటప్పుడు ఇనప గేటుకీ, గ్రిల్లుకీ దూరంగా నిలబడండి, దగ్గరుంటే ముల్లు పక్కకి లాగేస్తుంది.

రోడ్డు 20 అడుగులు అన్నది మీ గుమ్మం ముందా, మెయిన్ రోడ్డు నుంచి వచ్చే దారి పొడవునా? దారిలో ఎక్కడో 9 అడుగుల ఇరుకుంటే కారున్నవాడికి అదే అసలు కొలత. కాలువకీ కాలువకీ మధ్య కొలిచి, అన్నిటికన్నా ఇరుకైన చోటు ఎంతో రాయండి. 'కారు గేటు దాకా వస్తుంది' అన్న మాట కూడా.

నీళ్లకి '24 గంటలు' అనొద్దు. బోరు ఎన్ని అడుగులు, మోటారు ఎంత హెచ్.పి., వేసవిలో ఎలా ఉంటుంది, కుళాయి రోజుకి ఎన్నిసార్లు ఎంతసేపు వస్తుంది, పైన ట్యాంకు ఎన్ని లీటర్లు. మే నెలలో మన ఊళ్లో నీళ్ల సంగతి కొనేవాడికీ తెలుసు. కరెంటుకి టాటా పవర్ సదరన్ ఒడిశా వాళ్ల బిల్లులో కాంట్రాక్ట్ లోడ్ ఎన్ని కిలోవాట్లో ఉంటుంది, అది చూసి రాయండి. ఏసీలు పెట్టుకునేవాడు ముందు అదే అడుగుతాడు.

దగ్గర్లో ఉన్నవాటికి 'అన్నీ దగ్గర' చాలదు. ఈ ఊళ్లో ఇల్లు వెతికేవాళ్లలో చాలామంది పనిచేసే చోటు పేరు పెట్టి వెతుకుతారు: ఎం.కె.సి.జి. మెడికల్ కాలేజీ, లౌడిగాం ఐసర్ (సైన్సు విద్యాసంస్థ), భంజవిహార్ యూనివర్సిటీ, గోపాలపూర్ ఎయిర్ డిఫెన్స్ కాలేజీ. మీ ఇంటి నుంచి రోజూ వెళ్లి రాగలిగినవి రెండో మూడో తీసుకుని, మ్యాపులో రోడ్డు దారిన ఎన్ని కిలోమీటర్లో చూసి పేరుతో రాయండి. అన్నీ గుదిగుచ్చొద్దు. ఛత్రపురానికి 20 కిలోమీటర్ల పైన ఉన్న ఇంటికి 'ఛత్రపురం దగ్గర' అని తగిలిస్తే వెతికినవాడికి దొరుకుతుంది, ఒకసారి చూసి తిట్టుకుని పోతాడు.

ఫొటోలు: మొదటిది రోడ్డుతో కలిపి ఇంటి ముందుభాగం, ఫోను అడ్డంగా పట్టుకుని. తర్వాత హాలు, వంటిల్లు, పెద్ద బెడ్రూము, బాత్రూములు, మేడమీద, చివర రోడ్డు రెండు వైపులా. ఫొటో కింద 'వంటిల్లు, 8 × 10 అడుగులు, తూర్పు కిటికీ' అని మాటలు పెట్టండి. రంగురంగుల పోస్టరు చేయించి దాంట్లోనే వివరాలన్నీ ఎక్కించడం ఇక్కడ ఫ్యాషన్. బొమ్మలో ఇరికించిన అక్షరాల్ని వాట్సాప్ సెర్చ్ చదవదు, నెల తర్వాత ఎవరైనా గ్రూపులో 'అంబపువా' అని వెతికితే మీ పోస్టరు రాదు. పోస్టరు పెట్టినా, కిందే అవే వివరాలు టైపు చేసి పెట్టండి.

దస్తావేజు లేఖరి:

టేపు గారు ఇంటి సంగతి అంతా చెప్పేశారు. కాగితాల సంగతి నేను చెబుతాను. 'క్లియర్ టైటిల్' అని ప్రతివాడూ రాస్తాడు, కేసు నడుస్తున్నవాడు కూడా. దాని బదులు కొనేవాడు స్వయంగా సరిచూసుకోగలిగే మాటలు రాయాలి.

మొదటిది కిసం, అంటే రికార్డులో భూమి రకం. ఆర్‌ఓఆర్‌లో (భూమి హక్కుల రికార్డులో) మీ స్థలం 'ఘరబారి', అంటే ఇంటి స్థలం, అని ఉందా చూడండి. ఇల్లు కట్టి పదిహేనేళ్లయినా రికార్డులో ఇంకా 'శారద' అనో, మరో సాగుభూమి రకం అనో ఉండిపోయినవి ఊరి అంచు మౌజాల్లో (రెవెన్యూ గ్రామాల్లో) చాలా ఉన్నాయి. అలా ఉంటే ఒడిశా భూసంస్కరణల చట్టం 8-ఎ సెక్షన్ కింద తహసీల్దారు దగ్గర మార్పించుకోవాలి. మార్చకుండా ప్రకటనిస్తే బ్యాంకు లోను మీద కొనేవాడు నెల తిరిగాక వెనక్కి పోతాడు. మార్చి ఉంటే 'కిసం ఘరబారి' అని శీర్షికకి దగ్గర్లోనే రాయండి. ఇక్కడి కొనుగోలుదారు సరిగ్గా ఆ మాటతోనే వెతుకుతాడు.

రెండోది పేరు. మీ నాన్నగారు ఉన్నారా? ఆర్‌ఓఆర్ ఆయన పేరు మీదే ఉందా, లేక తాతగారి పేరు మీదా? ఆయన పేరునే ఉంటే 'మ్యుటేషన్ (రికార్డులో పేరు మార్పు) అయింది, ఆర్‌ఓఆర్ అమ్మేవారి పేరుననే' అని ఒక్క ముక్క. తాతగారి పేరునుంటే వారసులందరి సంతకాలూ కావాలి, ప్రకటన కన్నా ముందు చూసుకోవలసిన పని అది.

మూడోది, ఎ0.050ని కొందరు 50 డెసిమల్స్ అని చదువుతారు. సున్నా ఎకరం, ఎకరంలో వెయ్యింట యాభై వంతులు, అంటే 5 డెసిమల్స్. 33 ని 66తో హెచ్చిస్తే 2178, రికార్డుకి సరిగ్గా సరిపోయింది, మీ అదృష్టం. సరిపోనివాళ్లు రెండు అంకెలూ రాయాలి: 'పట్టా ప్రకారం ఇంత, నేల మీద ఇంత'. ఎక్కువున్నది మాత్రమే రాస్తే సర్వే అమీన్ వచ్చి గొలుసు వేసిన రోజున బేరం చెడుతుంది.

ఆంధ్ర వైపు వాళ్ల కోసం ఒక వివరణ జోడించండి. మనం పట్టా అనేది ఆర్‌ఓఆర్‌ని. అటువైపు పట్టా అంటే ప్రభుత్వం ఇచ్చిన అసైన్డ్ భూమేమో, అమ్మకూడదేమో అని జంకుతారు. 'సొంత జిరాయితీ లాంటిది, రిజిస్టర్డ్ దస్తావేజుతో కొన్నది, ఫలానా సంవత్సరం' అని రాస్తే ఆ అనుమానం పోతుంది. ఈసీ (ఆస్తి మీద అప్పులు, లావాదేవీలు చూపే కాగితం) ఏ సంవత్సరం నుంచి ఏ సంవత్సరం దాకా తీశారో, ప్లాను బరంపురం డెవలప్‌మెంట్ అథారిటీ ఆమోదం ఏ ఏడాదిదో కూడా వేయండి.

భూమి రికార్డులోని ఖాతా నంబరు, ప్లాటు నంబరు మాత్రం బహిరంగంగా పెట్టొద్దు. మౌజా, తహసీలు, కిసం వరకు చాలు.

కొలత టేపు:

నంబరు దాచడం నాకు నచ్చదు లేఖరి గారూ. భూలేఖ్ (ఒడిశా భూమి రికార్డుల వెబ్‌సైటు) అందరికీ తెరిచే ఉంది, ఎవరైనా చూడొచ్చు. నంబరు పెడితే ఇచ్ఛాపురంలో కూర్చున్నవాడు రాత్రికి రాత్రి కిసం, విస్తీర్ణం చూసుకుని, నిజమైన ఆసక్తితో ఫోన్ చేస్తాడు. దాచినకొద్దీ అనుమానం.

దస్తావేజు లేఖరి:

చూడడం వేరు, ఫేస్‌బుక్‌లో ఇంటి ఫొటో, యజమాని ఫోను, ప్లాటు నంబరు మూడూ ఒకే చోట దొరకడం వేరు. ఆ మూడూ దొరికితే మీ ప్రకటననే ఎత్తుకెళ్లి, తన ఫోను నంబరు వేసి, టోకెన్ అడ్వాన్సు వసూలు చేసేవాడికి పని సులువు. ఫోన్ చేసి పేరు, ఊరు చెప్పినవాడికి ఆర్‌ఓఆర్ కాపీ పంపండి, దాని మీద అడ్డంగా 'ఇల్లు చూడడానికి మాత్రమే' అని, తేదీ వేసి. ఆధార్ ఎవరికీ వద్దు. ఇల్లు ఖాళీగా ఉంటే మ్యాపు గుర్తు కూడా గుమ్మం మీద కాకుండా వీధి మొదట్లో పెట్టండి. చూడడానికి వచ్చేవాడికి అసలు గుర్తు పంపొచ్చు.

కొలత టేపు:

టోకెన్ మాట నిజమే, ఒప్పుకుంటాను. అయితే 'ఖాతా, ప్లాటు నంబర్లు అడిగిన వెంటనే ఇస్తాం' అన్న వాక్యం తప్పకుండా ఉండాలి.

ఇచ్ఛాపురం నుంచి:

భాష మాట ఎవరూ ఎత్తలేదు. మా వైపు వాళ్లు సైట్ల కన్నా ఫేస్‌బుక్ గ్రూపుల్లో తెలుగులో చూస్తారు. బరంపురంలోనేమో ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా అయినవాళ్లు బోలెడుమంది. తెలుగు వింటే అర్థమవుతుంది, అక్షరం చదవలేరు. కాబట్టి సైట్లకి ఇంగ్లీషు, మా గ్రూపులకి తెలుగు, ఊళ్లో గ్రూపులకి ఒడియా. అసలు ప్రతి ఒకటే రాసి ఉంచుకోండి, అంకెలు మూడింట్లోనూ ఒకేలా ఉండాలి. ఒక చోట 74, ఇంకో చోట 76 కనబడితే బ్రోకరు తగిలాడని అనుకుంటారు. మెషిన్ అనువాదాన్ని నమ్మి పెట్టేయకండి. ఘరబారి, మౌజా లాంటి మాటల్ని అది ఏదేదో చేస్తుంది, ఆ మాటలు ఏ భాషలోనైనా అలాగే ఉంచాలి. ఏ ప్రకటనకైనా చివరి లైన్లో ఊరి పేరు, పేట పేరు మూడు లిపుల్లోనూ వేస్తే ఎవరు ఎలా కొట్టినా దొరుకుతుంది. పేరు మూడుసార్లు చాలు, ముప్పైసార్లు వేస్తే దొంగ ప్రకటనలా ఉంటుంది. వాట్సాప్‌లో దీనికి తోడు తెలుగులో నలభై సెకన్ల వాయిస్ మెసేజ్ పెడితే చదవలేనివాళ్లకి అందుతుంది. అది సెర్చ్‌లో రాదు కనుక రాసినది ఉండాల్సిందే.

ఇంకోటి. 'ఫలానా కులం వారికే' అని పెట్టే అలవాటు కొన్ని గ్రూపుల్లో ఉంది. అసహ్యంగా ఉంటుంది, పైగా కొనేవాళ్లని మీరే తరిమేసుకున్నట్టు.

ఫ్లాట్ల వ్యవహారం:

ఇండిపెండెంట్ ఇంటికి మీరు సొంతంగా అమ్ముకుంటే రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నంబరు అక్కర్లేదు. ఇది చదివే ఫ్లాట్లవాళ్ల కోసం రాస్తున్నాను. 2016 చట్టం ప్రకారం స్థలం 500 చదరపు మీటర్లు మించకపోతేనో, ఫ్లాట్లు 8 మించకపోతేనో తప్ప కొత్త ప్రాజెక్టుకి రిజిస్ట్రేషన్ ఉండాలి, ప్రకటనలో ఆ నంబరూ, రెరా వెబ్‌సైటూ కనబడాలి. ఏజెంటు అమ్మిపెడితే ఏజెంటుకీ రిజిస్ట్రేషన్ కావాలి. బిల్డరు ప్రకటనలో అబద్ధం నమ్మి డబ్బు కట్టినవాడికి 12వ సెక్షన్ కింద పరిహారం అడిగే హక్కుంది.

కార్పెట్ ఏరియా అంటే చట్టంలో లెక్క స్పష్టంగా ఉంది: బయటి గోడలు, షాఫ్టులు, సొంత బాల్కనీ, సొంత టెర్రస్ తీసేయాలి. లోపలి అడ్డుగోడలు మాత్రం కలుపుకోవాలి. బాల్కనీ కలిపేసి కార్పెట్ అని చెప్పేవాళ్లు ఎక్కువ. పాత ఫ్లాటు తిరిగి అమ్మేవాళ్లు కూడా కార్పెట్, బాల్కనీ, సూపర్ బిల్టప్ (మెట్లు, లిఫ్టు లాంటి ఉమ్మడి చోటు వాటాతో కలిపినది) మూడూ విడివిడిగా రాస్తే మంచిది. ఎన్నో అంతస్తు, లిఫ్టు ఉందా, నెల మెయింటెనెన్సు ఎంత, కారుకి రాసిచ్చిన చోటుందా, ఇవి లేని ఫ్లాటు ప్రకటనకి వచ్చే ఫోన్లన్నీ ఇవే అడుగుతాయి.

అంబపువా ఇల్లు:

అందరికీ ధన్యవాదాలు. నాన్నగారు ఉన్నారు, ఆర్‌ఓఆర్ ఆయన పేరునే ఉంది, కిసం ఘరబారి. మళ్లీ కొలిచి రాశాను, చూసి చెప్పండి. దూరాలు మ్యాపులో చూసి నింపుతాను.

"అంబపువా, బరంపురం: 3 బెడ్రూముల ఇండిపెండెంట్ ఇల్లు, 5 సెంట్లు (242 గజాలు), తూర్పు ఫేసింగ్, 74 లక్షలు

స్థలం 5 డెసిమల్స్, 2178 చదరపు అడుగులు, 33 × 66 అడుగులు. కిసం ఘరబారి. ఆర్‌ఓఆర్ అమ్మేవారి పేరునే. రోడ్డు, సింహద్వారం రెండూ తూర్పు. 2009లో కట్టిన డాబా. కింద: హాలు 11 అడుగుల 6 అంగుళాలు × 16 అడుగులు, బెడ్రూములు 10 × 12, 10 × 11, వంటిల్లు 8 × 10, పూజగది, బాత్రూములు రెండు. పైన: గది 10 × 12, బాత్రూము, మిగతాది ఖాళీ మేడ. బోరు 180 అడుగులు, 1 హెచ్.పి. మోటారు, మునిసిపల్ కుళాయి ఉదయం వస్తుంది, ట్యాంకు 1000 లీటర్లు. మెయిన్ రోడ్డు నుంచి 150 మీటర్లు, దారిలో ఇరుకైన చోట 14 అడుగులు, కారు గేటు దాకా వస్తుంది. ప్లాను ఆమోదం ఉంది. ఖాతా, ప్లాటు నంబర్లు అడిగిన వెంటనే ఇస్తాం. యజమాని సొంత అమ్మకం.

బరంపురం, బ్రహ్మపూర్, బెర్హంపూర్, గంజాం జిల్లా, ఒడిశా."

పైనున్న గది 2015లో వేసుకున్నది, ప్లానులో లేదు. రాయాలా? వంటింటి వెనక గోడకి వర్షాకాలంలో చెమ్మ వస్తుంది, అదీ రాయాలా?

కొలత టేపు:

చాలా బాగుంది అమ్మా. శీర్షికలో ధర, గజాలు, పేట, ముఖం అన్నీ వచ్చాయి. ఫోన్లో శీర్షిక తోక తెగిపోతుంది కనుక పేట, బెడ్రూములు ముందుండడం సరైనదే. పిన్ కోడు మరిచిపోయారు.

పై గది రాయాల్సిందే. బ్యాంకు వాల్యుయర్ చేతిలో ప్లాను పట్టుకుని వస్తాడు, ప్లానులో లేని గదికి విలువ కట్టడు. అప్పుడు లోను తగ్గి, కొనేవాడు ఆ తేడా మీ ధరలోంచి కోయమంటాడు. శీర్షికలో '2 బెడ్రూములు + పైన గది' అని మార్చి, లోపల 'పై గది 2015లో కట్టినది, ఆమోదిత ప్లానులో లేదు' అని పెట్టండి. సైటు గడిలో కూడా 2 అనే పెట్టండి. 3 వెతికేవాళ్లు కొందరు పోతారు, పోనీండి, వాళ్లు ఇంటికొచ్చి చూశాకైనా పోయేవాళ్లే.

చెమ్మ కూడా రాయండి, కారణంతో కలిపి. మేడ మీద నీళ్లు దిగే గొట్టం పగిలి గోడ తడుస్తోందా, పునాది నుంచి ఎక్కుతోందా చూడండి. తడి మరక పైనుంచి కిందికి దిగితే గొట్టమో స్లాబో, నేల నుంచి రెండు మూడు అడుగుల ఎత్తు దాకా మాత్రమే ఉంటే పునాది చెమ్మ. గొట్టమైతే మార్పించేసి, 'గొట్టం మార్చాం' అని నెల, సంవత్సరం వేసి రాయండి, రంగు తర్వాత వేయించొచ్చు. ప్రకటన ముందురోజు రంగు కొట్టి కప్పెట్టేస్తే తొలకరికి మళ్లీ బయటపడుతుంది.

దస్తావేజు లేఖరి:

'ప్లాను ఆమోదం ఉంది' దగ్గర సంవత్సరం వేయండి. ఈసీ ఏయే సంవత్సరాలకి తీశారో రాయలేదు. దస్తావేజు సంవత్సరం కూడా రాలేదు, ఆంధ్ర వైపు వాళ్ల అనుమానం పోయేది దానితోనే. తక్కింది సరే.

గుణుపూర్ మేడ:

మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. మాది గుణుపూర్, రాయగడ జిల్లా. మా ఇంటికీ ఇవే మాటలు సరిపోతాయా?

దస్తావేజు లేఖరి:

కొలతలు, ఫొటోలు అన్నీ ఇలాగే బాబూ. ఒక్క తేడా. రాయగడ, కోరాపుట్, మల్కన్‌గిరి, నబరంగ్‌పూర్ నాలుగు జిల్లాలూ షెడ్యూల్డ్ ఏరియా. అక్కడ 1956 నాటి 2వ రెగ్యులేషన్ వర్తిస్తుంది. షెడ్యూల్డ్ తెగల వారి భూమిని ఇతరులు కొనడానికి వీల్లేదు, 2002లో వచ్చిన సవరణ దాన్ని ఇంకా బిగించింది. అందుకని బయటి ఊరివాడు గుణుపూర్ అనగానే ముందు భయపడతాడు. మీ భూమి చరిత్ర ఎన్ని దస్తావేజులు వెనక్కి చూపించగలరో, ఏ సంవత్సరం నుంచి చూపించగలరో ప్రకటనలో మొదటి రెండు లైన్లలోనే రాయండి. మధ్యలో ఎక్కడైనా తెగవారి చేతి నుంచి మారి ఉంటే, ఆనాటి అనుమతి కాగితం చేతిలో లేకుండా ప్రకటనే ఇవ్వొద్దు, ముందు వకీలుకి చూపించండి. పర్లాకిమిడి పట్టణం షెడ్యూల్డ్ ఏరియా కాదు గాని, అదే గజపతి జిల్లాలో గుమ్మ, రాయగడ బ్లాకులు, ఆర్.ఉదయగిరి తహసీలు అందులోకి వస్తాయి. ఆ చుట్టుపక్కల అమ్మేవాళ్లు బ్లాకు పేరు కూడా వేయడం మంచిది. అక్కడ రాయగడ అంటే బ్లాకు, మీది రాయగడ జిల్లా, రెండూ వేరు. సెర్చ్‌లో ఇవి కూడా కలిసిపోతాయి కనుక మీరు 'గుణుపూర్, రాయగడ జిల్లా' అని పూర్తిగా రాయండి.

అంబపువా ఇల్లు:

శీర్షిక మార్చాను, పిన్, దస్తావేజు సంవత్సరం, ఈసీ, ప్లాను సంవత్సరం చేర్చాను. గోడ చూశాం, మరక పైనుంచే దిగుతోంది. ప్లంబరు వచ్చి వెళ్లాక ఫొటోలు తీసి పెడతాం.

కొలత టేపు:

మంచిది. అమ్ముడైన రోజునే అన్ని చోట్లా 'అమ్ముడైంది' అని మార్చండి. పాత ప్రకటన అలాగే వదిలేస్తే ఫోన్లు ఏడాది పాటు వస్తాయి. ఈలోగా ధర మార్చితే మూడు భాషల్లోనూ ఒకేరోజు మార్చండి.